టాకా వేసి చూసిన కంప్యూటర్

ఇరవయ్యో చొక్కా మీద సూది గాలిలో ఆగిపోయింది. పక్కనున్న కంప్యూటర్ తెర నల్లబడి, ‘అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు’ అని చల్లగా చెప్పింది.

“నిన్నెవరు చేసుకోమన్నారే!” అంటూ వదిన నెత్తి కొట్టుకుంది.

ఆమె వీధి మొత్తానికీ వదినే. మెట్ల కింది గదిలో ఒక ఎంబ్రాయిడరీ మిషన్, దాన్ని నడిపే కంప్యూటర్, గోడ నిండా దారం ఉండలు. మర్నాడు మధ్యాహ్నానికల్లా వాద్యబృందం వాళ్లకి ముప్పై రెండు చొక్కాల మీద బూర బొమ్మ కుట్టి ఇవ్వాలి. గంట తర్వాత కంప్యూటర్ కళ్లు తెరిచి, మిషన్ ఎవరో తనకి తెలియదంది.

కంప్యూటర్లమ్మే మరిది వచ్చి, కేబుల్ పీకి పెట్టి, పెదవి విరిచాడు.

“కొత్త సిస్టం ఇంత పాత మిషన్‌ని పట్టించుకోదు వదినా. రెండూ మార్చాల్సిందే. రేపు వ్యాన్ తెస్తా, మిషన్‌ని పాత ఇనుము వాడికి ఇచ్చేద్దాం.”

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ మిషన్ పోతే ఆమె మళ్లీ ఎవరి షాపులోనో కూర్చుని కాజాలు కుట్టుకోవాలి. పదకొండేళ్ల కిందట వదిలించుకున్న బతుకది. వదినకి కళ్లు చెమర్చాయి, వెంటనే ఒళ్లు మండింది.

“నా కంప్యూటర్లో నా మాట చెల్లదా?”

“చెల్లేది వేద్దాం,” అంది అప్పుడే కాలేజీ ల్యాబ్ నుంచి వచ్చిన ఆడపడుచు. “లినక్స్ అని ఉంది వదినా. ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరూ కలిసి రాసుకున్నది. పాత మిషన్లని చాలావరకు వదిలిపెట్టరు. అప్‌డేట్ కూడా నువ్వు సరేనంటేనే.”

“ఉన్నది చెరిపేసి దాన్ని వేస్తే డిజైన్లన్నీ హుళక్కే!” అన్నాడు మరిది.

వదిన ఆడపడుచు వైపు తిరిగింది. “టాకా వేయకుండా నేను కుట్టు వేయనమ్మాయ్. ముందు వదులుగా టాకా వేసి తొడిగి చూడాలి. నప్పకపోతే దారం లాగేయాలి, బట్ట బట్టలాగే ఉండాలి. అలా కుదురుతుందా?”

ఆడపడుచు నవ్వి, పెన్‌డ్రైవ్ తీసింది. “కుదురుతుంది. ఇందులోంచే నడుస్తుంది. లోపల ఒక్క అక్షరం చెరగదు.”

“నా షాపులోనైతే నేరుగా చెరిపేసే వేస్తాను,” గొణిగాడు మరిది.

“అందుకే నీ చొక్కాలన్నీ బిగుతు,” అంది వదిన.

కొత్త తెర వచ్చింది. డిజైన్లన్నీ చెక్కుచెదరకుండా కనబడ్డాయి. వదిన ఒక ముక్కగుడ్డ బిగించి మీట నొక్కింది. మిషన్ ఉలకలేదు, పలకలేదు.

“చెప్పానా!” అన్నాడు మరిది.

ఆడపడుచు కంగారుగా తెర మీద వెతికింది. వదిన మాత్రం తెర వైపు చూడలేదు, సూది వైపు వంగింది. గుడ్డని అదిమే పాదం పైకే ఉంది! నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల్ని ఇన్నేళ్లుగా దేనికైతే తిట్టిందో, కంగారులో తనూ అదే చేసింది. పాదం దించింది.

టకటకటక! బంగారు దారంతో బూర మెడ వంపు తిరిగింది.

“నా మిషనే! నా బంగారమే!” అని వదిన చప్పట్లు కొట్టింది. ఆ సంతోషం పట్టలేక ఆడపడుచుని గట్టిగా వాటేసుకుంది.

ఆ టాకా మీదే, అంటే పెన్‌డ్రైవ్ మీదే, మర్నాడు పదకొండు గంటలకి ముప్పై రెండో చొక్కా పూర్తయింది. “నప్పింది. ఇక కుట్టు వేసెయ్,” అంది వదిన. ఆడపడుచు డిజైన్లన్నీ వేరే చోటికి ఎక్కించి, పాత సిస్టం తీసేయడానికి సిద్ధమైంది. ‘కొనసాగించమంటారా?’ అని అడిగింది తెర. ఆ కంప్యూటర్ తనని ఒక మాట అడగడం వదినకి భలే నచ్చింది. మీట తనే నొక్కింది.

చెప్పినట్టే మరిది వ్యాన్ తెచ్చాడు. “ఏం ఎత్తమంటావు వదినా?” అన్నాడు, కొత్త సిస్టంతో ముక్కగుడ్డ మీద టకటకలాడుతున్న మిషన్ వైపు చూడకుండా.

“చొక్కాలు నాయనా. నలగకుండా.”

మూటలన్నీ ఎక్కించాక అతను కదలలేదు. తల గోక్కున్నాడు.

“షాపులో ఆరు పాత కంప్యూటర్లు పడేద్దామని పెట్టాను. ఆ పెన్‌డ్రైవ్ ఒక్కసారి ఇప్పిస్తావా?”

“ఇప్పిస్తా. ముందు నా చొక్కాలు చేర్చి రా,” అంది వదిన.