బోరునీళ్ల పళ్లెం

వినీల స్టీలు పళ్లెంలో తడిగుడ్డ పరిచి ఆదిత్యాల గింజలు చల్లుతుంటే వెనకనించి అత్త ఆదిశేషమ్మ గొంతు. "పలచగా చల్లు మే. మొన్నటి మాదిరి చెడగొట్టొద్దు."

ఆడబిడ్డ ఉష పురిటికొచ్చి ఉంది. బాలింతకు పాలు పడాలంటే ఆదిత్యాల పాయసం చెయ్యాలి, లేత ఆకు పప్పులో వెయ్యాలి అని ఆదిశేషమ్మ పట్టు. ఆ ఆకు అల్లూరు బజార్లో దొరకదు గనక పెంచే పని కోడలి మీద పడింది. ఆ ఇంట్లో పనంటూ పుడితే ఇంకెవరి మీద పడుతుంది!

మొన్న చల్లినవి తడి తగలగానే జిగురు కట్టినాయి గానీ ఒక్కటీ మొలకెత్తలేదు. కుళ్లి కంపుకొట్టాయి. అది చూసి మొగుడు సుకుమార్ నవ్వాడు. "దాని చేతిలో ఏది నిలిచిందమ్మా, ఇది నిలిచేదానికి!" నిలవనివి రెండు కడుపులు.  ఇప్పుడు వినీలకు మళ్లీ నెల తప్పింది. చెప్పాలంటే భయం, చెప్పకుండా మోయాలంటే ఇంకా భయం.

అందుకే ఈసారి దొంగతనం చేసింది. ఒక పళ్లేనికి ఎప్పటిలాగే బోరు నీళ్లు చిలకరించి, చాటుగా ఇంకో పళ్లెంలోనూ గింజలు చల్లి క్యాను నీళ్లు చిలకరించింది. క్యాను సుకుమార్‌కీ, వచ్చిపోయేవాళ్లకీ, ఇప్పుడు ఉషకీ. అత్తాకోడళ్లకు బోరే. "ఇంట్లో ఉండే ఆడోళ్లకు కొన్న నీళ్లెందుకు?" అన్నది ఆదిశేషమ్మే. ఇంటి వెనక చేన్లో సుకుమార్ రొయ్యల గుంటలు తవ్వించినప్పటి నించీ ఆ బోరు ఉప్పెక్కుతూనే ఉంది. కొంచెం కొంచెంగా ఎక్కడంతో వాళ్ల నాలుకలు అలవాటు పడిపోయాయి.

వారం తిరక్కముందే క్యాను పళ్లెం పచ్చగా లేచింది. బోరు పళ్లెం కుళ్లింది. వినీల రెండు పళ్లేలూ పొయ్యిగట్టు మీద పక్కపక్కన పెట్టి చూసింది. నీళ్లకూ కడుపుకూ సంబంధం ఉందో లేదో ఆమెకు తెలీదు. ఆ రెండు కడుపులూ పోయింది మాత్రం గుంటలు తవ్వినాకే.

మధ్యాహ్నం సుకుమార్ కంచం ముందు కూర్చుని మంచినీళ్లడిగాడు. బోరు నీళ్లు తెచ్చి పెట్టింది. ఒక్క గుక్క తాగి ఉమ్మేశాడు.

"ఏందే ఈ ఉప్పు? గొడ్లయినా తాగతాయా?"

"నేనూ అత్తా రోజూ తాగేవే."

గ్లాసు కడిగి క్యాను వంచి నింపింది. అతను చెయ్యి చాచాడు. వినీల ఇవ్వలేదు. అతని కళ్లముందే నిలబడి మొత్తం తాగింది.

"మూడోది కడుపులో ఉంది," అంది గ్లాసు దించి. "దీనికేమన్నా అయితే, ఈసారి నేనడిగేది మీ గుంటల్ని."