తాళంకప్ప ఎంచుకున్న దారి

మా మామయ్య కూరగాయల మార్కెట్లో వేలం వేస్తాడు. గంపల మధ్య స్టూలెక్కి "ఒకటోసారి, రెండోసారి" అని అరిచాడంటే వీధి చివర బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దించడు. నాన్న ఆయన దగ్గరే కాటా వేస్తాడు. అందుకే మా ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు.

నేను ఎక్కువ మాట్లాడను. నలుగురిలో ఉంటే మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతుంది. మా ఊరి బడిలో టీచర్లకు అది అలవాటైపోయింది. మామయ్య మాత్రం నాకు తాళంకప్ప అని పేరు పెట్టాడు.

పోయిన వేసవిలో మా రెండు కుటుంబాలూ కొండల మీది జాతీయ పార్కుకు బయలుదేరాయి. సంచులన్నీ సర్దాక జీపులో ఒక మనిషికి చోటు తగ్గింది. మామయ్య అందరినీ ఓసారి చూశాడు.

"తాళంకప్పని వదిలేద్దాం. ఇది వచ్చినా నోరు విప్పదు, రాకపోయినా నోరు విప్పదు. పైగా ఇంటికి తాళం ఉండాలిగా!"

అందరూ నవ్వారు. అమ్మ నవ్వకుండా నాన్న వైపు చూసింది. నాన్న తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కొత్త బూట్లు వేసుకుని, లేసులు ఊడిపోకుండా రెండేసి ముళ్ళు వేసుకుని, నేను గేటు దగ్గర అలాగే నిలబడిపోయాను.

తిరిగొచ్చాక మామయ్య ఫోన్లో ఫోటోలు ఒక్కొక్కటే చూపించాడు. "ఇదిగో జింక. నువ్వు చూడలేదుగా! ఇదిగో మంచు. ఇదీ చూడలేదుగా!"

ఆరోజు డైరీలో ఒక్క మాటే రాసుకున్నాను. చూస్తా.

ఈ వేసవికి పార్కువాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. ఏ దారిలో నడుస్తామో ముందే ఎంచుకుని పేర్లు నమోదు చేసుకోవాలి. మామయ్యకు చదివే ఓపిక లేదు.

"తాళంకప్పా, మాటలు రాకపోయినా నీకు చదువొచ్చుగా. ఆ పని నువ్వు చూడు. నాకు పెద్ద జలపాతం కావాలి, అంతే. దాని ముందు నిలబడి ఫోటో దిగాలి."

పోయినసారి జలపాతం దారి మూసి ఉందట. ఈసారి ఫోటో దిగి, పెద్ద ఫ్రేము కట్టించి, మార్కెట్లో తన స్టూలు వెనక తగిలిస్తానని అందరికీ చెప్పుకున్నాడు.

నాన్న ఫోన్లో పార్కు నియమాలన్నీ చదివాను. జలపాతానికి రెండు దారులున్నాయి. ఒకటి పైనుంచి వెళ్ళే రోడ్డు. అక్కడ ఎంత గోల చేసినా అడిగేవాళ్ళు లేరు. రెండోది లోయలోంచి. అక్కడి బండల మీద పక్షులు గూళ్ళు కట్టే కాలం కాబట్టి ఎవరూ మాట్లాడకూడదు, గుసగుసలు కూడా పనికిరావు. మాట వినిపిస్తే గార్డు వేలెత్తి హెచ్చరిస్తారు. మూడోసారికి వెనక్కి పంపి గేటు దగ్గరి షెడ్డులో కూర్చోబెడతారు.

ఆ నియమం మళ్ళీ ఓసారి చదివాను. అందరూ నాలాగే ఉండాల్సిన చోటు ఒకటుంది. రెండో దారి ఎంచుకున్నాను.

పేర్లు పంపే ముందు నియమాలు అందరికీ చదివి వినిపించాలని అందులోనే రాసి ఉంది. ఆదివారం అత్తా వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఫోన్ తీశాను.

"మామయ్యా, నియమాలు చదువుతాను."

"చదువు, చదువు. ఏమోయ్ బావా, ఐసు పెట్టె మనది తెద్దామా, కొట్టువాడిది అడుగుదామా?"

నేను చదవడం మొదలుపెట్టాను. ఐసు పెట్టె అయ్యాక టోపీల సంగతి వచ్చింది. టోపీల తర్వాత, పోయినసారి డ్రైవరు మలుపు దగ్గర ఎలా బెదిరిపోయాడో మామయ్య అభినయించి మరీ చూపించాడు.

అమ్మ ఒక్కర్తే చెవి ఒగ్గి వింది. "అన్నయ్యగారూ, పిల్ల ఏదో చదువుతోంది, కాస్త వినండి."

"చదవనీ చెల్లెమ్మా, నేనేమైనా దాని నోరు మూశానా? దోమ పాడినట్టుంటుంది దాని గొంతు. వినాలంటే చెవిలో పెట్టుకోవాలి!" అందరూ మళ్ళీ నవ్వారు.

మాట్లాడకూడదన్న నియమం దగ్గరికి వచ్చాను. గొంతు పెంచగలిగేదాన్నే. పెంచలేదు. ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, ఒక్కసారే, ఒక్క ముక్క వదలకుండా చదివాను. అమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత కూర గిన్నె అత్త వైపు జరిపింది.

"అయిందా? జలపాతం ఉందిగా?" అన్నాడు మామయ్య.

"ఉంది మామయ్యా."

"అయితే పంపెయ్."

పంపేశాను.

ఈసారి జీపులో చోటు చాలింది. లోయ మొదట్లో ఒక గార్డమ్మ నిలబడి ఉంది. "నియమాలు అందరూ విన్నారు కదా?" అని అడిగితే అందరికంటే ముందు మామయ్యే, "బ్రహ్మాండంగా విన్నాం!" అన్నాడు.

కాస్త దూరం పోగానే ఆయన బూటులో రాయి దూరింది. "అబ్బా! చచ్చాన్రా!" అన్నాడు. ముందు నడుస్తున్న గార్డమ్మ వెనక్కి తిరిగి ఒక వేలెత్తింది. ఒకటోసారి. మామయ్య ఆమె పలకరిస్తోందనుకుని నవ్వాడు.

మలుపు తిరగ్గానే బండ మీంచి పెద్ద పక్షి లేచింది. "అబ్బో, దాని రెక్కలు చూడవే!" అని అత్త భుజం తట్టాడు. రెండు వేళ్ళు. రెండోసారి. అత్త నోటి మీద వేలు పెట్టుకుని కళ్ళురిమింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది. పెదాలు బిగించి నడిచాడు. బుగ్గలు ఉబ్బి ఎర్రబడ్డాయి. నేను ఆయన నోటివైపే చూస్తూ నడిచాను. ఆపుకుంటాడేమో! ఆపుకుంటే ఇంత పనీ దండగే.

చెట్లు అయిపోయి జలపాతం కనిపించింది. అంత ఎత్తునుంచి తెల్లగా దూకుతోంది.

"అదిగో! వచ్చేసింది!" మార్కెట్ గొంతు. లోయ ఆ మాటను ఆయనకే తిప్పి అప్పజెప్పింది. పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి.

మూడోసారి.

గార్డమ్మ వచ్చిన దారి వైపు చెయ్యి చూపింది. మామయ్య వాదించబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు. అత్త వైపు చూశాడు. అత్త వెళ్ళిరమ్మన్నట్టు చెయ్యి ఊపింది. నాన్న వైపు చూశాడు. నాన్న తన బూట్ల వైపు చూసుకున్నాడు.

అది చూసి నా మనసు కలుక్కుమంది. నన్ను వదిలేసినప్పుడూ ఇంతే. ఎవర్ని వదిలేసినా నాన్న ఇంతే. ఆ బాధ కాసేపే. మామయ్య వీపు మలుపు వెనక మాయమయ్యేదాకా రెప్ప వేయకుండా చూశాను. తర్వాత అమ్మ నన్ను జలపాతం ముందు, అందరి మధ్యలో నిలబెట్టి ఫోటో తీసింది.

సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి మామయ్య షెడ్డులో బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మాట్లాడకూడదని నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"చెప్పాను మామయ్యా. మీరు మాట్లాడుతున్నారు."

అమ్మ దగ్గుతున్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

జీపెక్కాక నేనే వెళ్ళి మామయ్య పక్కన కూర్చుని ఫోన్ తీశాను. "ఇదిగో మామయ్యా, జలపాతం, బాగా దగ్గర్నుంచి. మీరు చూడలేదుగా! ఇదిగో, దాని వెనక గుహలాగా ఉంది. ఇదీ చూడలేదుగా!" మాట ఎక్కడా వెనక్కి పోలేదు. నీటి చప్పుడు ఎలా ఉందో, తుంపర ముఖం మీద ఎలా పడిందో, ఎండ తగిలి ఇంద్రధనుస్సు ఎటువైపు లేచిందో, అన్నీ చెప్పాను. కొండ దిగేదాకా చెబుతూనే ఉన్నాను.

"అయిపోయిందా, తాళంకప్పా?" అన్నాడు నీరసంగా.

"అప్పుడేనా మామయ్యా! పక్షి గూళ్ళ సంగతి ఇంకా మొదలే పెట్టలేదు," అని తర్వాతి ఫోటో తీశాను.