పద్నాలుగో ప్రశ్న

అరుంధతికి అన్నిటికన్నా పెద్ద భయం, భర్త నడిపే విమానం ఒకనాడు దిగవలసిన చోట దిగదని. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే జరుగుతుందేమోనని అదొక భయం. తార్నాకలో వాళ్ల ఇంటి మీదుగానే విమానాలు బేగంపేటలో దిగడానికి పోతుంటాయి. చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి ఎనిమిది నెలల పాపను చంకనేసుకుని పెరట్లోకి పరుగెడుతుంది. తెల్లటి చిన్న విమానం. తోక దగ్గర రెండు జెట్ ఇంజన్లు. అది మేడల వెనక్కి దిగిపోయేదాకా చూసి, లోపలికి వచ్చి, మాడుతున్న కూర సంగతి చూసుకుంటుంది.

ఆ విమానం ఒక ఫ్యాక్టరీ సేఠ్‌ది. ఎనిమిది సీట్లు. ఊళ్లో అలాంటిది అదొక్కటే. ఎడమ సీటులో కెప్టెన్ లక్ష్మీనర్సయ్య, కుడి సీటులో ఆమె భర్త సూర్యనారాయణ కూర్చుంటారు. లక్ష్మీనర్సయ్యకు నలభై ఏడేళ్లు. భార్య పోయాక బౌద్ధనగర్‌లో ఒక మేడగదిలో ఒక్కడే ఉంటున్నాడు. సూర్యనారాయణకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే.

వీధి చివర ఇంట్లో ఉండే కమలాదేవి యూనివర్సిటీలో సైకాలజీ చెబుతుంది. కొత్తరకం యంత్రాలు నడిపేవాళ్లు ఏమనుకుంటారో తెలుసుకుని రాస్తోందట. ఇరవై ప్రశ్నల కాగితాలు పైలట్లిద్దరికీ చెరో సెట్టు ఇచ్చి, "పేరు రాయక్కర్లేదు. జవాబులు ఏ భాషలోనైనా సరే. సోమవారానికి యూనివర్సిటీలో నా గదికి చేర్చండి" అని చెప్పి వెళ్లింది.

ఆదివారం లక్ష్మీనర్సయ్య భోజనానికి వచ్చాడు. తిన్నాక చాప మీద కూర్చుని, తన కాగితాలు అరుంధతి ముందుకు తోశాడు.

"నువ్వు రాయి చెల్లె. నీ దస్తూరి ముత్యాలోలె ఉంటది. నాది చూస్తే ఆ మేడం పిచ్చోడనుకుంటది."

"నేను తొమ్మిదో క్లాసు సగంలో మానేశానండీ అన్నయ్యగారూ."

"మరి నేను పదిల రెండుసార్లు ఫేలయిన. రాయి."

సూర్యనారాయణ ఇంగ్లీషు ప్రశ్న చదివి తెలుగులో చెబుతున్నాడు. లక్ష్మీనర్సయ్య జవాబు చెబుతున్నాడు. అరుంధతి ఒక మోకాలి మీద పాపను, ఇంకో మోకాలి మీద కాగితాలను పెట్టుకుని రాస్తోంది.

మొదటి ప్రశ్న, ఈ విమానం మీకు నచ్చిందా?

"నచ్చుడేంది! ఇరవై ఏండ్లు పాత పంకల డకోటా విమానాల ఊగినోన్ని. ఎడ్లబండి దిగి రైలింజను ఎక్కినట్లున్నది. వాన, ఉరుము, మబ్బు, అన్ని కిందనే ఉంటయి. నలభై వేల అడుగుల మీద పట్టపగలే ఆకాశం నల్లగ అయితది చెల్లె. ఆడ చప్పుడుండది, ఊగుడుండది."

"అంత పొడుగు రాయడానికి జాగా లేదండీ."

"గట్లనా? మస్తుగున్నదని రాయి."

కష్టమేమిటన్న ప్రశ్నకు ఇద్దరూ పోటీలు పడి చెప్పారు.

"టైం దొరకది. డకోటాల అయితే చాయ్ తాగి, ముచ్చట పెట్టి, అప్పుడు దిగుడు గురించి సోంచాయించేది. గిండ్ల చాయ్ నోటికాడికి రాకముందే ఊరొస్తది."

"విమానం కన్నా మనం పది నిమిషాలు ముందుండాలి" అన్నాడు సూర్యనారాయణ. "ఒక్కసారి వెనకబడ్డామా, ఇంక అందుకోలేం."

"సామాన్లు మోసేది కూడ మేమే అని రాయి. సేఠ్‌కు కాఫీ పోసేది మేమే. వాళ్ల కుక్కను పట్టుకునేది మీ ఆయన."

"కుక్క సంగతి రాయకు" అన్నాడు సూర్యనారాయణ.

అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది.

పద్నాలుగో ప్రశ్న వచ్చింది. విమానం వేగంగా కిందికి దిగేటప్పుడు చెవి దిబ్బడ, నొప్పి, తల తిరగడం ఎప్పుడైనా కలిగాయా?

"ఎన్నడు లేదు" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

అరుంధతి కలం ఆగింది. ఈ నెలలో రెండుసార్లు ఆమె వెల్లుల్లి వేసి నూనె కాచి, చిన్న సీసాలో పోసి ఇచ్చింది. కెప్టెన్‌గారి చెవికి అని చెప్పి సూర్యనారాయణే తీసుకెళ్లాడు. ఆమె భర్త వంక చూసింది. ఆయన తర్వాతి ప్రశ్న వెతుక్కుంటున్నాడు. "లేదు" అని రాసింది.

వెళ్లడానికి లేచినప్పుడు లక్ష్మీనర్సయ్య గుమ్మం పట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత పాప బుగ్గ గిల్లి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక అరుంధతి అడిగింది.

"ఎన్నాళ్లనుంచండీ?"

"ఏమిటి?"

"నాకు చదువు లేదు గాని కళ్లున్నాయి."

సూర్యనారాయణ చాప చుట్టసాగాడు. "మూడు వారాలు. జలుబు చేసింది, చెవిలోకి దిగింది. పైకి వెళ్లేటప్పుడు ఏమీ లేదు. ఈ విమానం దిగడం మరీ తొందర కదా, అప్పుడు తిరుగుతుంది. నేను దింపుతున్నానుగా."

"మీకు ఒళ్లు బాగుండకపోతే ఎవరు దింపుతారు?"

"అవేం మాటలు?"

"చెవి డాక్టరుకు చూపించుకోవచ్చుగా?"

"చూపిస్తే కాగితం పుడుతుంది. కాగితం పుడితే లైసెన్సు ఆపేస్తారు. ఆ మనిషికి ఇల్లా, పిల్లలా? నేల మీద నాకేం పని అంటాడు." చాప గోడకు నిలబెట్టి, "ఎవరితోనైనా అన్నావంటే ఆయన మొహం నేను చూడలేను అరుంధతీ" అన్నాడు.

గురువారం సేఠ్ బొంబాయి వెళ్తున్నాడని ఆమెకు తెలుసు. అక్కడ వానలు మొదలయ్యాయని రేడియోలో చెప్పారు.

సోమవారం పొద్దున సూర్యనారాయణ బేగంపేట వెళ్లాడు. అరుంధతి రెండు సెట్ల కాగితాలూ మడిచి, పాపను భుజాన వేసుకుని, యూనివర్సిటీ దాకా నడిచింది. ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కేసరికి జాకెట్టు వీపున తడిసిపోయింది. పుస్తకాలు పట్టుకుని తన ఈడు ఆడపిల్లలు పక్కనుంచి దిగిపోతున్నారు. ఇంకోనాడైతే వాళ్లను చూస్తూ నిలబడేది. కమలాదేవి గదికి తాళం ఉంది. బయట స్టూలు మీద అటెండరు మల్లన్న ఉన్నాడు.

"మేడం క్లాసుల ఉన్నదమ్మా. గీ డబ్బల ఏసిపో."

"ఆవిడ ఎప్పుడు చదువుతారు?"

"ఫస్టు ఎమ్మే పిల్లలు చదువుతరు. రేపటికి అన్ని చదివి మేడంకు చెప్తరు. అర్జెంటేమన్న ఉన్నదా?"

అర్జెంటని చెప్పడానికి నోరు రాలేదు. కమలాదేవి ఎదురుగా ఉన్నా రాదని ఆమెకు అనిపించింది. ఆ మనిషి తనను చెల్లె అన్నాడు. నిన్ననే తన చేతి కూడు తిని వెళ్లాడు. చెబితే ఆయనకు ఆకాశం పోతుంది. భర్తకు ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే గురువారం రోజంతా తాను పెరట్లో నిలబడాలి.

"ఒక పెన్సిలు ఇస్తారా?"

మల్లన్న చెవి మీది పెన్సిలు తీసి ఇచ్చాడు. "పాపను ఇటియ్యమ్మా, పట్టుకుంట" అన్నాడు.

అరుంధతి వరండాలో కింద కూర్చుని, లక్ష్మీనర్సయ్య కాగితాలు వేరుచేసి, పద్నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చింది. "లేదు" అన్నదాన్ని కొట్టివేద్దామనుకుంది. అది ఆయన జవాబు, అలాగే ఉంచింది. చివరి పేజీ అడుగున నాలుగు వేళ్ల జాగా ఖాళీగా ఉంది. పేరు రాయక్కర్లేదని పైన అచ్చువేసి ఉన్న కాగితం మీద పేరు రాయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మల్లన్న చేతుల్లో పాప ఏడుపు మొదలుపెట్టింది. ఆమె ఇలా రాసింది:

"ఇది చదివేవారికి నమస్కారం. పైన రాసినది నా చేతిరాతే గాని జవాబులు నావి కావు. పద్నాలుగోది నిజం కాదు. ఈయన పేరు కెప్టెన్ లక్ష్మీనర్సయ్యగారు. బౌద్ధనగర్‌లో నీళ్ల ట్యాంకు పక్క మేడగది. చెవి పాడై, దిగేటప్పుడు తల తిరుగుతోంది. విమానం నడపడంలో ఆయన తప్పేమీ లేదు, చాలా మంచివారు. గురువారం పొద్దున బొంబాయి వెళ్తారు, పక్క సీటులో నా భర్త ఉంటారు. మీరు ఎవరైనా సరే, బుధవారం లోపల ఒకసారి ఆయన గదికి వెళ్లి చూడండి. బాగానే ఉన్నానంటారు. నమ్మి తిరిగి రాకండి, డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి."