స్విచ్చి మీద చేయి

దుస్తుల ఫ్యాక్టరీలో బట్ట కోసే మిషను దగ్గర పనిచేసే ఆమెను అందరూ కటింగమ్మ అనేవారు. ఎదురుగా నిలబడి, పొరలు పొరలుగా పేర్చిన బట్ట అందించే స్నేహితురాలిని పొట్టి అనేవారు. ఇద్దరూ ఒకేసారి పనిలో చేరారు. ఒకే క్యారేజీలో తినేవారు. ఒకరి అత్తగారిని ఇంకొకరు మొహమాటం లేకుండా తిట్టేంత చనువు వాళ్లది.

అలాంటిది, కొన్నాళ్లుగా కటింగమ్మకు ఏదో తేడాగా ఉంది. గీత వెంట బట్టను కత్తి వైపు నెడుతూ ఉంటుంది. రెప్ప వేసి తెరిచేలోగా మిషను ఆగిపోయి ఉంటుంది. పక్క మిషన్లన్నీ గోలగోలగా తిరుగుతూనే ఉంటాయి.

"ఏమైందే?"

"ఏమో, వేడెక్కినట్టుంది," అనేది పొట్టి, ఎటో చూస్తూ.

మెకానిక్ విప్పి చూసి, మిషను లక్షణంగా ఉందన్నాడు. పని వెనకబడుతోందని సూపర్‌వైజర్ సణిగాడు. కటింగ్ విభాగానికి త్వరలో ఇన్‌ఛార్జిని వేస్తారని ఫ్యాక్టరీలో గుసగుసలు. వరసలో ఉన్నది వీళ్లిద్దరే. కటింగమ్మ మనసును అనుమానపు పురుగు తొలవడం మొదలుపెట్టింది.

కనిపెట్టి చూసింది. పొట్టి మాటిమాటికీ తన ముఖంలోకి తొంగి చూస్తోంది. ఒకరోజు మిషను ఆగగానే తలెత్తితే, ఎర్ర స్విచ్చి మీద పొట్టి చేయి ఇంకా అలాగే ఉంది. చటుక్కున వెనక్కి తీసుకుని, కత్తెర కోసం వెతుకుతున్నట్టు నటించింది.

ఆ సాయంత్రం గేటు బయట, కటింగమ్మను తీసుకెళ్లడానికి వచ్చిన ఆమె భర్తతో పొట్టి ఏదో గుసగుసలాడుతూ కనిపించింది. తనను చూడగానే ఇద్దరూ నోళ్లు కుట్టేసుకున్నారు.

"ఏంటంటోంది?" అని దారిలో భర్తను అడిగింది.

"ఏం లేదు. వాళ్ల పిల్లల చదువుల గురించి."

పొట్టికి పిల్లలే లేరు.

మర్నాడు బట్టలు మార్చుకునే గదిలో కటింగమ్మ దారికి అడ్డంగా నిలబడింది. "మా ఆయనతో ఏంటే నీ ముచ్చట్లు? నా మిషనెందుకు ఆపుతున్నావు? ఆ ఇన్‌ఛార్జి పని కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా, నేనే తప్పుకునేదాన్ని!"

పొట్టి ముఖం పాలిపోయింది. "ఆగిపోతోంది మిషను కాదే. నువ్వు."

"నేనా?"

"కళ్లు తెరిచే ఉంటాయి, చూపుండదు. పిలిస్తే పలకవు. చేతులు మాత్రం బట్టను నెడుతూనే ఉంటాయి, కత్తి మీదికి. అందుకే ఆపేస్తున్నా. ఇంట్లోనూ ఇంతేనా అని మీ ఆయన్ని అడిగా. 'అలిగిందనుకుని ఇన్నాళ్లూ బతిమాలుతున్నా' అన్నాడు, మహానుభావుడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పా. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మొత్తం చెప్పా. అంతా అయ్యాక చూస్తే, ఎదురుగా కూర్చునే ఉన్నావు, కానీ నువ్వు అక్కడ లేవు. మళ్లీ చెప్పడానికి నోరు రాలేదు. తెలిస్తే నిన్ను పనిలోంచి తీసేస్తారని భయం."

కటింగమ్మ నమ్మలేదు. భర్త తలవంచుకుని అవునన్నా నమ్మలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో! చివరికి తనకేమీ లేదని నిరూపించడానికే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఏదో అడుగుతున్నాడు, తను జవాబు చెబుతోంది. అంతలో చూస్తే, ఒక నర్సు తన మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆ నర్సు ఎప్పుడు లోపలికి వచ్చిందో ఆమెకు తెలియదు.

"ఎంతసేపు పోయాను?" అని డాక్టరును అడిగింది.

ఇదీ ఒక రకం మూర్ఛేనన్నాడు డాక్టరు. మందులు మొదలయ్యాయి. కత్తి దగ్గరికి పోవద్దన్నారు. సూపర్‌వైజర్ ఆమెను మడతలు పెట్టే విభాగానికి మార్చాడు. ఇన్‌ఛార్జి పని పొట్టికే వచ్చింది. "చూశావా, ఎంత తెలివిగా కొట్టేసిందో!" అని చెవిలో వేసినవాళ్లున్నారు. కటింగమ్మకూ ఒక్కోసారి అలాగే అనిపించేది. అనిపించినందుకు సిగ్గూ వేసేది.

ఒకరోజు భోజనాల వేళ పొట్టి వచ్చి పక్కన కూర్చుంది. మొదట ముభావంగా, తర్వాత మామూలుగా, సూపర్‌వైజర్ చాదస్తం గురించి చెప్పుకుపోతోంది. కటింగమ్మ ఉన్నట్టుండి ఆమె చేయి పట్టుకుంది.

"మధ్యలో ఎక్కడైనా పోయానా?"

"లేదే. అంతా విన్నావు."

నిజమో, తన మనసు కష్టపెట్టలేక అంటోందో తేల్చుకునే దారి కటింగమ్మకు లేదు. పొట్టి ముఖంలోకి కాసేపు చూసింది.

"సరే, తర్వాతేమైందో చెప్పు," అంది.