పేతురు అరచెయ్యి

పాత పెట్రోలు పికప్ వెనక గొంతుక్కూర్చుని, పేతురు సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టాడు. పొగ చేతికి కొడుతోంది. ఉండుండి ఒక దెబ్బ తప్పుతోంది. నల్లబడ్డ గోళ్లు, ఏనాడో ఫ్యాను బెల్టులో పడి వంకరపోయిన చూపుడువేలు. ఆ చెయ్యి మాత్రం కదల్లేదు.

ఒకప్పుడు బండి కార్ఖానా వీధి మలుపు తిరుగుతుండగానే, చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి సుత్తి మోతకు ముందు కుడిచెవి పోయింది. ఈ మధ్య ఎడమదీ పోయింది. ఆ సంగతి భార్య రోసమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెవిటి మెకానిక్ దగ్గరికి బండి ఎవరు తెస్తారు?

బండి మారేడ్‌పల్లి హిమజది. వంటలు చేసి హాస్టళ్లకు పంపుతుంది. వెనక అన్నం గిన్నెలు ఆవిర్లు కక్కుతున్నాయి.

"ఇంకో షెడ్డులో ఇంజన్ మొత్తం విప్పాలన్నారు బాబాయిగారూ. అన్నాళ్లు బండి లేకపోతే పిల్లలకు భోజనాలెలా పంపేది?"

పేతురు ఆమె పెదవుల వంకే చూశాడు. "ఇప్పుడే ఇప్పొద్దమ్మా. జెర చూడనీ."

బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగానే, గుడ్డ చుట్టిన చేత్తో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెట్టసాగాడు. రెండో చెయ్యి మడ్‌గార్డు మీద ఉంది. వైరు తీసినప్పుడల్లా బండి మరింత వణికింది. మూడోది తీస్తే మాత్రం ఏ తేడా లేదు.

"గిదే పనిచేస్తలేదు."

ప్లగ్గు మార్చాడు. వణుకు పోలేదు. హిమజ ముఖం వాడిపోయింది. పేతురు తొందరపడలేదు. వైర్ల మీద నీళ్లు చిలకరించి, పాత దుప్పటి కప్పుకుని లోపలికి తలదూర్చాడు. ఆ చీకట్లో, క్లిప్పు ఒరుసుకున్న చోట, వైరు పగులులోంచి నీలం నిప్పురవ్వ దూకింది.

"దొరికింది! ఇంజన్ మంచిగనే ఉంది. వైరు చిట్లింది, కరెంటంతా బయటికే పోతుంది."

కొత్త వైరు వేసి మళ్లీ గొట్టం దగ్గర చెయ్యి పెట్టాడు. ఇప్పుడు పొగ నిద్రపోయే పసివాడి ఊపిరిలా ఒకే తీరుగా తగులుతోంది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

వెనకనుంచి హిమజ పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆయన తిరగలేదు. ఇంకోసారి పిలవబోయి ఆగింది. ఎదురుగా వచ్చి కూర్చుని, తన అరచెయ్యి కూడా గొట్టం దగ్గర పెట్టింది.

పేతురు తల దించుకున్నాడు. "ఎవ్వరికీ చెప్పకమ్మా."

ఆయన తల ఎత్తేదాకా ఆగి, పెదవులు కనబడేలా నెమ్మదిగా అంది. "చెప్తాను బాబాయిగారూ. నా బండిని చేత్తో పట్టి చూసి బాగుచేశారని అందరికీ చెప్తాను."

అన్నం చల్లారకముందే బండి బయల్దేరింది. అది మలుపు తిరిగేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నం తిని షెడ్డులోనే బల్ల మీద ఒరిగాడు. రోసమ్మ టీ తెచ్చి గుమ్మంలోంచి పిలిచింది. పలకలేదు. అది రోజూ ఉన్నదే. నవ్వుకుంటూ దగ్గరికొచ్చి, అలవాటుగా ఆయన అరచేతిలో వేలితో గీరింది. ఎప్పటిలా వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి చల్లబడి ఉంది.

సాయంత్రం ప్రార్థనకు వేసుకుంటాడని ఆమె ఇస్త్రీ చేసి తెచ్చిన తెల్లచొక్కా, పెట్టిన గుండీలు పెట్టినట్టే, షెడ్డు మేకుకు అలాగే వేలాడుతోంది.