ఐదు నుంచి ఆరు దాకా

పొద్దున ఐదు నుంచి ఆరు దాకా ఉండే గంట నాది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నాదంటూ చెప్పుకోడానికి అదొక్కటే ఉంది. ఆ గంటలో ఏం చేస్తావని అడక్కండి. ఏమీ చెయ్యను. కాఫీ కలుపుకుని, వంటింటి వెనక తలుపు తీసి, ఒక కుర్చీలో కూర్చుని ఇంకో కుర్చీ మీద కాళ్ళు పెడతాను. గ్యాస్ కంపెనీలో ఫిర్యాదుల ఫోను ఎత్తే ఉద్యోగం నాది. పొద్దస్తమానం ఊరందరి తిట్లూ చెవిలో పోయించుకునే మనిషికి, ఎవరూ ఏమీ అనని గంట ఒకటి ఉండాలి.

ఆరింటికి అత్తయ్య లేస్తారు. మా ఆయన ఎనిమిదింటికి, అదీ నేను గొంతు చించుకుంటే. "లేవండి, ఊరంతా లేచింది, షాపు ఎవరు తీస్తారు?" అని రోజూ అరిచేదాన్ని. ఆయన అటు తిరిగి పడుకునేవారు. ఇద్దరికీ అలవాటైపోయింది.

ఆయనది ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. ఏ మంచి పనైనా మొదలుపెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. యోగా అని చాప కొన్నారు, దాని మీద ఇప్పుడు నేను బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను. స్కిప్పింగ్ అని తాడు తెచ్చారు, దాని మీద ఆ బట్టలే ఆరేస్తున్నాను. చక్కెర ఒట్టేసి మానేశారు, సాయంత్రం కాఫీ దాకా.

ఇలా ఉండగా ఒక కోచింగ్ సెంటరువాళ్ళు గోడలకి పెట్టుకోడానికి పెద్ద పెద్ద ఫ్రేములు ఆర్డరిచ్చారు. ఫ్రేములు తయారయ్యేలోపల సెంటరు మూసేసి చెక్కేశారు. వాటిలో ఒకటి మా ఇంటికొచ్చి మంచానికెదురుగా గోడెక్కింది. ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ, కింద "నిన్నటి నిన్ను ఈరోజే ఓడించు" అని బంగారు రంగు అక్షరాలు. అద్దం తుడుస్తూ తుడుస్తూ చదివారట, గుండెకి తగిలిందట.

మర్నాడు నేనలా కాళ్ళు చాపానో లేదో, కొత్త బూట్లు వేసుకుని వంటింట్లోకి వచ్చారు.

"అరె, నువ్వింత పొద్దున్నే లేస్తావా?" అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనకి ఆరోజే తెలిసింది. మూణ్ణాళ్ళ ముచ్చటేలే అని ఊరుకున్నాను. వారం గడిచింది, మానలేదు. నడకకి వెళ్ళేది ఆరు దాటాకే, అందాకా రెండో కుర్చీలో ఆయన కూర్చోవడం మొదలుపెట్టారు. తువ్వాలు ఎక్కడుందన్నారు, నీళ్ళు ఎంత తాగాలన్నారు, నిన్న ఎంత నడిచారో, ఈరోజు ఎంత నడవబోతున్నారో చెప్పారు. ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, "ఊరికే కూర్చుంటావేం? ఈ టైములో ఏదైనా నేర్చుకోవచ్చు కదా" అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

రాత్రి వాళ్ళమ్మతో కలిసి చూడమని పెద్ద సినిమా పెట్టాను. ఆవలిస్తూనే ఐదింటికి లేచారు. అలారం ఆపేశాను. అలారం లేకుండానే మెలకువ వస్తోందని అదో గొప్పగా చెప్పుకున్నారు. ఇక లాభం లేదని నేనే నాలుగింటికి లేచాను. "నాకు తోడుగా నువ్వూ పట్టుదలకి వచ్చావన్నమాట" అని మురిసిపోయి, తనూ అలారం నాలుగింటికి మార్చుకున్నారు.

అత్తయ్య సంబరం అంతా ఇంతా కాదు. "చూశావా అమ్మాయ్, నా కొడుకు మనిషైపోయాడు" అని నాతో అని, ఇరుగుపొరుగు అందరికీ చాటారు. ఆ వారమే ఆఫీసులో ఎవరో పెద్దాయన సిలిండరు రాలేదని ఫోను చేస్తే, "రాకపోతే నేను మోసుకురానా?" అనేశాను. మా సూపర్‌వైజరమ్మ పిలిచి, ఇంకోసారి ఇలా అయితే ఫోను దగ్గర కూర్చోబెట్టనంది.

మర్నాడు పొద్దున్నే ఆయన బూట్ల లేసులు కట్టుకుంటుంటే చెప్పేశాను.

"నాకు ఈ గంట కావాలండీ. మీరు లేకుండా."

ఆయన తలెత్తలేదు. "ఇన్నేళ్ళూ లే లే అని నా ప్రాణం తీసింది నువ్వే కదా?"

"తీశాను. మీరు లేస్తారని అనుకున్నానా?"

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కట్టిన లేసు మళ్ళీ విప్పుతూ కూర్చున్నారు. "మొదలుపెట్టి వదలకుండా చేస్తున్న పని నాకు ఇదొక్కటేనోయ్," అన్నారు నెమ్మదిగా. నాకు మనసు చివుక్కుమంది. అయినా "సరే, మీరూ రండి" అనలేదు. సరే అంటే ఆ గంట ఇక జన్మలో దొరకదు.

మర్నాడు ఐదింటికి లేచాను. ఆయన రాలేదు. కాఫీ కలుపుకున్నాను, తలుపు తీశాను, కాళ్ళు చాపాను. అంతా మునుపటిలాగే ఉంది కానీ ఏదో తక్కువైంది. కాసేపటికి అర్థమైంది, గురక లేదు. చప్పుడు కాకుండా వెళ్ళి గదిలోకి తొంగిచూశాను. వెల్లకిలా పడుకుని, చిన్నపిల్లల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నారు. దుప్పటి కింద పాదాలు మాత్రం ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. ఎక్సర్‌సైజు చేస్తున్నారు.

వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. గంటంతా కూర్చున్నాను. వాళ్ళమ్మ లేచిన అలికిడి విన్నాకే ఆయన పెద్దగా ఆవలించి, "అబ్బ, ఎంత నిద్రపట్టిందో" అంటూ వచ్చారు.

అప్పట్నుంచీ రోజూ ఇదే వరస. చలిలేదు, ముసురులేదు, ఒంట్లో బాగోలేదని లేదు, ఒక్కరోజూ తప్పలేదు. అత్తయ్య మాత్రం పక్కింటావిడ ముందు తల పట్టుకుంటారు.

"ఏం చెప్పమంటావమ్మా, వీడు పొద్దున్నే లేవడం కూడా వదిలేశాడు. ఒక్క పని నిలబెట్టుకున్నాడా పుట్టి బుద్ధెరిగాక?"

ఆయన పేపరు వెనకనుంచి, "లేదమ్మా" అంటారు.

నిలబెట్టుకున్నారని నేను చెప్పాలి. చెప్తే మళ్ళీ రేపు పొద్దున బూట్లేసుకుని వంటింట్లో ప్రత్యక్షమవుతారు. అందుకని పప్పు కలుపుతూ ఊరుకుంటాను.