కోడలికి అప్పగించిన మాట

నురగ పట్టించిన గడ్డానికి కత్తి ఆనించబోయి, ఆయాసం తగ్గేదాకా ఆగాడు సెలూన్ తాత. కుర్చీలోని పోస్టుమాస్టరు కళ్లు కూడా తెరవలేదు. ఆ చేతికి ఏళ్ల తరబడి మెడ అప్పగిస్తున్న మనిషి. ఆయాసం ఈమధ్యదే. చెయ్యి మాత్రం ఇంకా వణకలేదు. చెంప నుంచి గవద దాకా నున్నగా గీసి, తడిగుడ్డతో తుడిచి, అద్దం చూపించాడు.

మధ్యాహ్నం షట్టరు దించి, కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఊపిరితిత్తులు ఇక బాగుపడవని ఆవిడ కిందటిసారే చెప్పింది. ఈసారి చెప్పాల్సింది ఆయన.

"గొట్టాలొద్దు, మిషన్లొద్దు. బాధ తెలీకుండా మందిస్తే చాలు. మా ఇంట్లోనే, కిటికీ పక్కన పడుకుంటా."

"మాట పడిపోతే మీ తరఫున ఎవరు చెప్పాలి?"

కొడుకు ముందుకు జరిగాడు. తాత కోడలిని చూపించాడు.

"నేనా, మావయ్యా?"

కాపురానికి వచ్చిన నాటి నుంచీ వాళ్లిద్దరికీ చుక్కెదురే. టీవీ చప్పుడు దగ్గర్నుంచి కాఫీలో చక్కెర దాకా వాదనే.

"వీడు బంగారమే. నేను దగ్గితే చాలు, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. నువ్వు నా మొహం మీదే కాదంటావు. ఎవరి మొహం మీదైనా అనగలవు."

ఆమె సరేనంది. తిరుగుదారిలో ఆయన మందుల సంచి ఎవరికీ ఇవ్వలేదు. కొడుకు మాత్రం కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు.

చలి ముదిరాక ఓ ఉదయం తాతకు మాట పడిపోయింది. కొడుకు ఫోనందుకున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్దాం. చూస్తూ కూర్చోమంటావా?"

"నాకూ భయంగానే ఉంది," అంది ఆమె. "కానీ మావయ్య నన్నడిగారు. నేను సరేనన్నాను."

డాక్టరమ్మకు ఆమే కబురు చేసింది. నర్సు వచ్చి మందిచ్చాక ఆయాసం నెమ్మదించింది. కొడుకు తండ్రి పాదాలు ఒళ్లోకి తీసుకున్నాడు. తాత కోడలి చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. పొద్దు వాలకముందే ఊపిరి ఆగింది.

చూడవచ్చినవాళ్లలో ఎవరో, ఆసుపత్రిలో చేర్చాల్సిందని గొణిగారు.

"మా నాన్న ఎలా కోరుకున్నాడో అలాగే వెళ్లాడు," అన్నాడు కొడుకు తలెత్తి. "మా ఆవిడ మాట నిలబెట్టింది."

అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. కిటికీ గట్టు మీద, ఒక కాడకు దారం చుట్టిన ఆయన కళ్లజోడు వీధి వైపు తిరిగి ఉంది.